బ్యారేజీ ఎగువ నీళ్లలో ఒక రోజు గాలం: లోతు కొలవడం నుంచి ఐసు పెట్టె దాకా

బెజవాడ ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ ఒడ్డున గాలం వేసి కూర్చున్నవాళ్లలో చాలామందికి తమ ఎర నేలకు ఆనిందో, నీళ్ల మధ్యలో వేలాడుతోందో తెలియదు. రాడ్డుకు వేలు పోస్తారు, రీలు గురించి గంటసేపు మాట్లాడతారు. లోతు కొలవమంటే మాత్రం బద్ధకం. శీలావతి, బొచ్చె, మోసు, బంగారు తీగ ఒక్కోటి నీళ్లలో ఒక్కో ఎత్తున మేస్తాయి. బొచ్చె పైన, శీలావతి నడిమిన, మోసు, బంగారు తీగ నేల మీద. ఎర మీరు అనుకున్నచోట ఉంటేనే మిగతా పనులకు అర్థం ఉంటుంది.

ట్రౌట్ కోసం ఈకల ఎర విసరాలనే సరదా ఉన్నవాళ్లు ఊటీకో, కులూకో వెళ్లాల్సిందే. ఆ చేపకు చల్లటి నీళ్లు కావాలి, నీళ్ల వేడి 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది. మన బెజవాడ నీళ్లలో దొరికేది బెండు గాలం ఆట, అంటే నీళ్లపై తేలే బెండు కదలికను చూసి చేపను పట్టడం. అది తక్కువ ఆటేమీ కాదు.

ఎప్పుడు, ఎక్కడ

అక్టోబరు రెండో సగం నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా, మళ్లీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో బాగుంటుంది. నడి చలికాలంలో తెల్లవారుజామున వెళ్లి చలికి వణకడం దండగ. ఆ రోజుల్లో పది నుంచి మూడు మధ్యే నీళ్లు కాస్త వెచ్చబడి చేప కదులుతుంది. ఎండాకాలం దీనికి తలకిందులు. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం అయిదు తర్వాత తప్ప లాభం లేదు. రోహిణి కార్తెలో అసలు వెళ్లకండి. చేప సంగతి తర్వాత, మీకే వడదెబ్బ తగులుతుంది.

వానాకాలం మానుకోండి. పైన పులిచింతల ప్రాజెక్టు గేట్లు మూసే ఉన్నాయి కదా అని ధీమా పడొద్దు. అది బ్యారేజీకి 85 కిలోమీటర్లు ఎగువన ఉంది. మధ్యలో మున్నేరు, పాలేరు కూడా వచ్చి కలుస్తాయి కాబట్టి పులిచింతల నుంచి చుక్క వదలకపోయినా ఇక్కడ నీళ్లు పెరగొచ్చు. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. గాలం వేసేవాడికి అంతదాకా రానక్కర్లేదు. నీళ్లు టీ రంగులోకి మారి, గుర్రపు డెక్క తెప్పలు తెప్పలుగా కొట్టుకొస్తుంటే సర్దుకుని ఇంటికి రావాలి. 2024 సెప్టెంబరులో ఇదే బ్యారేజీ దాటి 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఏరు ఎంత పెరగగలదో ఆ అంకె గుర్తుంటే చాలు.

1957లో పూర్తయిన ఈ బ్యారేజీకి నిండు మట్టం 57.05 అడుగులు. నీళ్లు ఆ మట్టానికి దగ్గరగా ఉన్నప్పుడు ఎగువనంతా పెద్ద చెరువులా నిలకడగా ఉంటుంది. బెండు గాలానికి కావలసింది ఈ నిలకడే. బయల్దేరే ముందు పేపర్లో నీటిమట్టం చూసుకోండి. ఒక అడుగు తగ్గినా పల్లపు ఒడ్డున నీళ్లు బాగా వెనక్కి పోతాయి. పోయిన వారం కొలిచిన లోతు ఈ వారానికి పనికిరాదు.

చోటు చూసుకునేటప్పుడు ముందు కూర్చోకూడని చోట్లు తీసేయండి. బ్యారేజీ గేట్ల దగ్గర, స్నాన ఘట్టాల దగ్గర వద్దు. ఊరి మధ్యన ఉన్న బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల్లో మురుగు కలుస్తుంది కాబట్టి అక్కడ పట్టిన చేప తినడానికి పనికిరాదు. గుంటూరు వైపు వాళ్లు ఉప్పలపాడు పక్షుల చెరువు జోలికి, మంచినీటి చెరువుల జోలికి పోకూడదు. ఊరి చెరువులు చాలావరకు వేలంలోనో, మత్స్యకార సంఘం చేతిలోనో ఉంటాయి. అక్కడ అడగకుండా గాలం వేస్తే అది దొంగతనమే. ఏటి ఒడ్డున కూడా దగ్గర్లో పడవవాళ్లు ఉంటే ఒక మాట అడిగి కూర్చోండి. ఇక్కడ గాలం వెయ్యొచ్చో లేదో, వలలు ఎక్కడ కట్టారో వాళ్లే చెబుతారు. నీళ్ల మీద థర్మాకోల్ ముక్కలో, ఖాళీ సీసాలో వరసగా తేలుతుంటే కింద వల ఉన్నట్టే.

మిగిలిన చోట్లలో, గుర్రపు డెక్క అంచు నుంచి పది పదిహేను అడుగుల దూరంలో నాలుగు నుంచి ఎనిమిది అడుగుల లోతు ఉన్న తేట నీళ్లు వెతకండి. ఇసుక తోడిన చోట మోకాలి లోతు పక్కనే రెండు నిలువుల గుంట ఉంటుంది. అది పైనుంచి కనబడదు. అందుకే నీళ్లలోకి దిగి గాలం వేసే అలవాటు కృష్ణలో వద్దు. గాలం ముల్లు ఎక్కడైనా చిక్కుకుంటే తంగూసు (గాలం దారం) తెంపుకోండి తప్ప తీయడానికి దిగకండి. కరకట్ట వెంట కొన్నిచోట్ల కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి. కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది. తల పైకెత్తి చూసుకోకుండా రాడ్డు విప్పొద్దు.

సరంజామా

పది నుంచి పన్నెండు అడుగుల రాడ్డు, 3000 సైజు స్పిన్నింగ్ రీలు, 0.28 మిల్లీమీటర్ల తంగూసు 100 మీటర్లు. ముల్లు దగ్గరి చివరి అడుగున్నరకు మాత్రం 0.22 తంగూసు వాడండి. ముల్లు చిక్కుకున్నా, పెద్ద చేప లాగినా ఆ సన్నటి ముక్కే తెగి బెండు మిగలాలి. రెండూ ఒకే లావు పెడితే తెగినప్పుడల్లా బెండుతో సహా పోతుంది.

ముల్లు నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. పిండి ఎరకు 6 లేదా 8, వానపాముకు 8, పరిగెల్లాంటి చిన్న చేపలకు 12. కొనేటప్పుడు మొనను గోటి మీద ఆనించి మెల్లగా జరపండి. గోటిని పట్టుకుంటే పదునున్నట్టు, జారిపోతే పారేయాల్సిందే.

బెండు విషయంలో బజారు సరుకే కావాలని లేదు. రాలిన నెమలి ఈక కాడ ఎనిమిది అంగుళాలు కోసి, కింది చివరన ఒక్కచోటే తంగూసుకు తగిలిస్తే అంతకన్నా మంచి బెండు లేదు. పైనా కిందా రెండు చోట్ల కట్టొద్దు. గాలికి తంగూసు నీళ్లపైన విల్లులా వంగి బెండును ఈడ్చుకుపోతుంది. కింద మాత్రమే కట్టి, విసిరాక రాడ్డు మొన అడుగు లోతు ముంచి రీలు నాలుగు చుట్లు తిప్పితే తంగూసు మునిగిపోయి గాలి పట్టు తప్పుతుంది. జీలుగు బెండు తేలిక. గాలి లేని రోజుకే అది.

సీసపు గుండ్లలో ఎక్కువ భాగం బెండుకు ఆనించి నొక్కేయండి. ఒక్క చిన్న గుండు మాత్రం ముల్లుకు జానెడు పైన పెట్టండి. బెండు మొన నీళ్లపైన చిటికెన వేలి గోరంత కనబడాలి. అంతకన్నా ఎక్కువ పైకి నిలబెడితే చేపకు బరువు తెలిసి ఎర ఉమ్మేస్తుంది.

ముడి గురించి ఒక మాట. తంగూసును ముల్లు కన్నులోంచి తీసి, దాని మీదే అయిదారు చుట్లు చుట్టి, కొసను కన్ను పక్కనున్న మొదటి సందులోంచి దూర్చి, అలా ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి మళ్లీ వెనక్కి దూర్చండి. బిగించే ముందు నోట్లో పెట్టుకుని తడపండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి తంగూసు నలిగి అక్కడే తెగుతుంది. తెగిన కొస గిరజాలు తిరిగి ఉంటే ముడి జారిందని, తిన్నగా ఉంటే తంగూసే తెగిందని గుర్తు.

ముందురోజు రాత్రి: మేత, ఎర

ఈ రెండూ వేరు. మేత చేపను ఆ చోటికి రప్పించడానికి, ఎర ముల్లుకు గుచ్చడానికి.

మేతకు వరి తవుడు కిలోన్నర, వేరుశనగ చెక్క అరకిలో, మెత్తగా వండిన అన్నం పావుకిలో, బెల్లం వంద గ్రాములు. చెక్కను రాత్రే నీళ్లలో నానేయండి. తవుడు మాత్రం ఒడ్డుకు వెళ్లాకే కలపాలి, అదీ ఆ ఏటి నీళ్లతోనే. ముందే తడిపిన తవుడు ఎండాకాలంలో తెల్లారేసరికి పులుస్తుంది. మిల్లు నుంచి తెచ్చి చాలా రోజులైన తవుడు ముక్కిపోయి నూనె కంపు కొడుతుంది. అది వేయడం కన్నా వేయకపోవడం మేలు. తవుడు వాసన శీలావతికి కొత్త కాదు. కైకలూరు చేపల చెరువుల్లో చిల్లుల సంచుల్లో తవుడు వేలాడదీసి మేపేది ఈ చేపనే.

ఎరకు: చెక్క వంద గ్రాములు సన్నటి సెగ మీద అయిదారు నిమిషాలు దోరగా వేయించి, దంచి, జల్లించండి. దానికి మైదా వంద గ్రాములు, ఉడికించిన చిన్న బంగాళాదుంప ఒకటి, సోంపు పొడి అర చెంచా. నీళ్లు చెంచాతోనే పోయాలి, చెంబుతో కాదు. పది నిమిషాలు పిసికి, తడిగుడ్డ చుట్టి అరగంట వదిలేయండి. చేతికి అంటకుండా, చెవి తమ్మెంత మెత్తగా రావాలి.

సరిగ్గా వచ్చిందో లేదో ఇంట్లోనే చూసుకోండి. రేగిపండంత ఉండ ముల్లుకు గుచ్చి గ్లాసు నీళ్లలో వేలాడదీయండి. పది నిమిషాలు నిలబడి, ఆ తర్వాత అంచులు కరగడం మొదలవ్వాలి. రెండు నిమిషాలకే జారిపోతే పిసకడం చాలలేదు, లేదా చెక్కలో నూనె ఎక్కువైంది. ఇంకాస్త మైదా వేయండి. అరగంటైనా రాయిలా ఉంటే మైదా ఎక్కువైంది. అలాంటి ఉండను చేప నోట్లో పెట్టుకున్నా మొన బయటికి రాక మీ చేతికి ఏమీ దక్కదు. ఇంకో బంగాళాదుంప ముక్క కలపండి.

గుప్పెడు వానపాములు కూడా తడిమట్టిలో పెట్టి తీసుకెళ్లండి. పిండికి చేప రాని రోజు బంగారు తీగ, జెల్ల వీటికి వస్తాయి.

తెల్లవారి: లోతు కొలవడం

నడి చలికాలంలో తప్ప సూర్యోదయానికి అరగంట ముందు ఒడ్డున ఉండండి. ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి. మీ వీపు వైపు నుంచి వీస్తే విసరడం సుఖం. కానీ తేలికపాటి మేతంతా గాలికి ఎదుటి ఒడ్డుకు కొట్టుకుపోతుంది, చేపా దాని వెంటే పోతుంది. కొంచెం కష్టమైనా గాలికి ఎదురుగా కూర్చున్నవాడికే ఎక్కువ పడతాయి. రాళ్ల మీద కాళ్లు దబదబలాడించకండి. నీళ్లకన్నా ముందు నేల అదురు చేపకు తెలుస్తుంది.

ఇప్పుడు ముల్లుకు ఎర బదులు బెండును ముంచేంత సీసం, అంటే పది గ్రాముల ముద్ద తగిలించి, మీరు ఎర వేయబోయే చోటికి విసరండి. బెండు పూర్తిగా మునిగిపోతే నీళ్ల లోతు మీరు పెట్టిన పొడుగు కన్నా ఎక్కువ. బెండును జానెడు పైకి జరపండి. బెండు పక్కకు పడుకుంటే పొడుగు ఎక్కువైంది, కిందికి జరపండి. మొన సరిగ్గా నీటి మట్టానికి తేలే దాకా ఇలా చేస్తూ పోండి. నాలుగైదు విసుర్లు పడుతుంది. రాడ్డు పొడుగు కన్నా లోతు ఎక్కువుంటే బెండును తంగూసు మీద జారేలా వదిలి, లోతు దగ్గర దారంతో చిన్న ముడి వేసి, దాని కింద పూస ఒకటి ఎక్కించండి. ఆ ముడి రీలులోకి చుట్టుకుపోతుంది, విసిరాక పూస దానికి తగిలి ఆగుతుంది.

ఒక్కచోట కొలిచి ఊరుకోకండి. కుడి పక్కకు రెండు బారలు, ఎడమకు రెండు బారలు, ఇంకాస్త ముందుకు. నాలుగడుగుల నేల ఒక్కసారిగా ఆరడుగులకు దిగే గట్టు దొరికిందా, ఆ గట్టు కిందే మీ రోజంతా. చేప మేత కోసం తిరిగే దారి అదే. దొరికాక రాడ్డు మొనకు ఎదురుగా అవతలి ఒడ్డున ఒక చెట్టునో, స్తంభాన్నో గురుతు పెట్టుకుని, రీలు దగ్గర తంగూసు మీద స్కెచ్ పెన్నుతో గీత గీయండి. మేతా ఎరా రెండూ ప్రతిసారీ ఒకేచోట పడటానికి ఆ గీతే ఆధారం.

తర్వాత సీసం ముద్ద తీసేసి, ముల్లుకు పైన ఉన్న చిన్న గుండు నేలకు ఆనేలా బెండును జానెడు మీద మూడు వేళ్లంత పైకి జరపండి.

మేత వేయడం, కూర్చోవడం

నానిన చెక్క, అన్నం, బెల్లం, తవుడు కలిపి, రెండు గుప్పిళ్ల ఒడ్డు మట్టి చేర్చి బత్తాయంత ఉండలు చేయండి. మట్టి లేకపోతే తవుడు ఉండ సగం లోతులోనే విచ్చుకుని చెల్లాచెదురవుతుంది. మొదట ఆరు ఉండలు గురుతుకు ఎదురుగా వేయండి. అంతే, ఆపేయండి. బస్తా మేత గుమ్మరిస్తే చేప వస్తుంది, తింటుంది, కడుపు నింపుకుని పోతుంది. మీ ఎర వంక చూడదు. ఆ తర్వాత అరగంటకో నిమ్మకాయంత ఉండ చాలు.

మొదటి గంటలో ఏమీ పడకపోవడం మామూలే. నీళ్లపైకి సన్నటి బుడగలు గుంపుగా లేస్తూ మెల్లగా కదులుతుంటే అది బంగారు తీగో, మోసో నేల కెలుకుతోందని అర్థం. ఒక్కచోటే పెద్ద బుడగ ఒక్కటొక్కటిగా లేస్తుంటే అది బురదలోంచి వచ్చే గాలి, చేప కాదు.

బెండు భాష ఇదీ:

టకటకా కొట్టుకుంటూ ఒక్కచోటే వణికితే పరిగెలో, తిలాపియానో ఎరను కొరుకుతున్నాయి. ఎత్తకండి. ఉండ పెద్దది చేయండి, లేదా ఇంకాస్త గట్టిగా పిసకండి.

గబుక్కున మునిగి, లేచి, మళ్లీ మునిగితే జెల్ల.

బెండు మునగకుండా పైకి లేచి నీళ్లపై పడుకుంటే ఎర నోట్లో పెట్టుకున్న చేప తల ఎత్తిందన్నమాట. నేలకు ఆనిన గుండు పైకి లేవడం వల్ల బెండు బరువు తగ్గి లేస్తుంది. కొత్తవాళ్లు మునిగేదాకా చూస్తూ కూర్చుంటారు, ఈలోగా చేప ఉమ్మేస్తుంది. ఇది చూడగానే ఎత్తాలి.

పక్కకు వాలి నిదానంగా జారిపోతూ మునిగితే శీలావతి. ఒకటి, రెండు అని లెక్కపెట్టి ఎత్తండి.

బెండు నత్తలా ఒకే వైపుకు ఈడ్చుకుపోతుంటే చాలాసార్లు తాబేలు. మెల్లగా ఒడ్డుకు తెచ్చి, ముల్లు తేలిగ్గా రాకపోతే నోటి దగ్గరే తంగూసు కోసి వదిలేయండి. ఏటి తాబేళ్లను పట్టి ఉంచుకోవడం చట్టప్రకారం నేరం.

ఎత్తడమంటే తలమీదుగా రాడ్డు ఎగరేయడం కాదు. మోచేయి పక్కకు దగ్గరగా ఉంచి మణికట్టుతో ఒక మూర మేర లాగితే చాలు. శీలావతి పెదవి మెత్తన, గట్టిగా లాగితే చీరిపోతుంది.

చేప పడ్డాక

పొద్దున మీరు ఒడ్డుకు రాగానే, గాలం వేయకముందే చేయాల్సిన పని ఒకటుంది. రీలు బ్రేకు సరిచూడటం. తంగూసు కొసకు లీటరు నీళ్ల సీసా కట్టి రాడ్డు లేకుండా రీలుతోనే పైకెత్తండి. సీసా లేవాలి, కాస్త కుదిపితే రీలు జారాలి. జారకపోతే బ్రేకు వదులు చేయండి. రెండు కిలోల చేప మొదటి పరుగులో 0.22 తంగూసును తెంపేది బ్రేకు బిగుసుకున్నప్పుడే.

చేప పరుగెత్తుతుంటే రీలు తిప్పకండి. రాడ్డు ఎత్తి పట్టుకుని దాని వంపును పనిచేయనివ్వండి. ఆగినప్పుడు రాడ్డు మెల్లగా ఎత్తి, దించుతూ చుట్టుకోండి. గుర్రపు డెక్క వైపు పరుగెత్తితే రాడ్డును నీళ్లకు దగ్గరగా పక్కకు వంచి లాగండి, పైకి కాదు. చేప ఒకసారి పైకొచ్చి గాలి మింగాక సగం ఓడిపోతుంది. కానీ మిమ్మల్ని చూడగానే ఇంకో పరుగు తీస్తుంది, అది లెక్కలో పెట్టుకోండి. వలగరిటెను ముందే నీళ్లలో ముంచి కదల్చకుండా పట్టుకుని, చేపను తలవైపు నుంచి దాని మీదికి తీసుకురండి. తోకవైపు నుంచి వల తోస్తే ఉలిక్కిపడి తెంపుకుపోతుంది.

జెల్లను చేత్తో పట్టొద్దు. వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర చెరొకటి ముళ్లుంటాయి. ఇంగిలీకం చేప ముల్లు ఇంకా ఘోరం. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఫ్లాస్కులో వేడినీళ్లు టీకే కాదు, దీనికీ పనికొస్తాయి. వాపు పెరుగుతూ పోతే ఆసుపత్రికి వెళ్లండి.

అరకిలోలోపు చేపల్ని చేయి తడుపుకుని పట్టుకుని నీళ్లలోకి వదిలేయండి. పొడిచేత్తో పట్టుకుంటే ఒంటి జిగురు పోయి బూజు పడుతుంది.

మిట్టమధ్యాహ్నం, సాయంత్రం

పన్నెండు నుంచి మూడు దాకా చలికాలంలో తప్ప రాడ్డు పక్కన పెట్టి నీడకు పోండి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ ఉండాలి. గడ్డిలో కూర్చునే ముందు కర్రతో తట్టండి.

సాయంత్రం కొరమేను సమయం. మెత్తటి రబ్బరు కప్ప, దానికి అల్లిన దారం, గట్టి రాడ్డు కావాలి. గుర్రపు డెక్క, తామర ఆకుల సందుల్లోకి కప్పను విసిరి, రెండు గంతులు వేయించి, మూడు లెక్కలు ఆపి, మళ్లీ రెండు గంతులు. నీళ్లు ఫట్‌మని విరుచుకుపడగానే చేయి దానంతటదే లేస్తుంది, అక్కడే అందరూ పోగొట్టుకుంటారు. కప్ప కనబడకుండా పోయి, దారం బిగుసుకున్నాకే ఎత్తాలి. ఎర్రటి పిల్లల గుంపు నీళ్లపైన ముద్దగా తిరుగుతుంటే అక్కడ కప్ప వేయకండి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. వాటిని తీస్తే ఆ పిల్లల్ని జెల్లలూ కొంగలూ మింగేస్తాయి.

ఇంటికి తీసుకెళ్లే చేపను పట్టిన వెంటనే తలమీద ఒక్క దెబ్బ వేసి, మొప్పలు కోసి నెత్తురు కార్చి, ఐసులో పెట్టండి. చేప ఎంతో ఐసు అంత, కిందా పైనా. గోనెసంచిలో తడిగుడ్డ కప్పి సాయంత్రం దాకా ఉంచిన చేప ఇంటికెళ్లేసరికి మొప్పలు నల్లబడి కంపు కొడుతుంది. పులుసులో ఎంత చింతపండు పోసినా ఆ కంపు పోదు.

మిగిలిన మేత నీళ్లలో పారబోయకండి, కోళ్లకో గేదెకో పడేయండి. తెగిన తంగూసు ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకోండి, కొంగల కాళ్లకు చుట్టుకునేది అదే. ఇంటికొచ్చాక బెండు కింద ఉన్న తంగూసును వేళ్ల మధ్య జరిపి చూడండి. గరుకు తగిలితే ఆ రెండు మీటర్లు కోసి పారేసి, ముళ్లు తుడిచి ఆరబెట్టండి.